కంప్యూటరులో ఆజ్ఞాపాలనము – అందలి అపాయములు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండి రజతోత్సవము జరుగునపుడు పుస్తకములను గూర్చియో, కవులను గూర్చియో ప్రసంగించుట వాడుక. అయినను నేడు పల్లెటూరి గ్రంథాలయములలో గూడ బీరువాల ప్రక్కన ఒక బల్లపై కంప్యూటరు చేరుచున్నది. పుస్తకముల జాబితా, చందాదారుల పట్టిక, ఉద్యోగపు దరఖాస్తులు, పరీక్షా ఫలితములు, బ్యాంకు వ్యవహారములు అన్నియు దాని ముందు కూర్చున్నవారికి అందుచున్నవి. పుస్తకమును తెరచినంతమాత్రమున అది చదువరి జేబులోనికి చేయి పెట్టదు. కంప్యూటరులో తెరచిన పత్రము మాత్రము కొన్ని సమయములందు, తెరచినవానికి తెలియకుండగనే, ప్రక్కనున్న మరియొక ప్రోగ్రామునకు పని పురమాయింపగలదు. ఆ పురమాయింపు ఎట్లు జరుగును, అది యేల అవసరమైనది, దానివలన వచ్చిన నష్టమెట్టిది, కాపాడుకొను మార్గమేది అనునవి ఈ ప్రసంగమునకు విషయములు.

కంప్యూటరు యంత్రమొక్కటియే యైనను అందు పనివారు పెక్కురు. ఉత్తరములు వ్రాయుటకు ఒక ప్రోగ్రాము, లెక్కలు కట్టుటకు మరియొకటి, ఈ-మెయిలు పంపుటకు ఇంకొకటి, చిత్రములు చూపుటకు వేరొకటి యుండును. మైక్రోసాఫ్టు సంస్థవారి వర్డు, ఎక్సెల్, ఔట్‌లుక్ అనునవి ఇట్టివే. ఒక్కొక్క ప్రోగ్రాము తన గదిలో తాను కూర్చుండి పనిచేయు గుమాస్తా వంటిది. వీనియందరిపైన ఆపరేటింగు సిస్టము అను పెత్తనదారు కలదు. విండోస్, లినక్స్, యాపిల్ వారి మ్యాక్ వ్యవస్థ అనునవి ఆ పెత్తనదారుల పేర్లు. గదికిని గదికిని నడుమ గోడలు కట్టి, ఒకరి కాగితములను మరియొకరు కలచకుండ చూచుట పెత్తనదారు పని.

గోడలే యుండి తలుపులు లేకున్న పని సాగదు. గడువు దాటినను పుస్తకములు తిరిగి యీయని చందాదారులు 40 మంది యున్నారనుకొనుడు. వారి పేర్లును, వారు తీసికొన్న పుస్తకముల పేర్లును ఎక్సెల్ పట్టికలో నున్నవి. జ్ఞాపకము చేయు ఉత్తరపు నమూనా వర్డులో నున్నది. గ్రంథపాలకుడు 40 ఉత్తరములను విడివిడిగా టైపు చేయుటకు ఒక పూట పట్టును. అట్లుగాక, వర్డు ఎక్సెల్ గది తలుపు తట్టి, ‘మొదటి పేరు ఇమ్ము, రెండవ పేరు ఇమ్ము’ అని అడిగి, ఉత్తరములను తానే నింపి అచ్చుయంత్రమునకు పంపినచో, పని కొద్ది నిమిషములలో ముగియును. ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామునకు ఆజ్ఞ పంపుట యనగా ఇదియే. ఇందు వింతయును లేదు, దోషమును లేదు.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. విండోస్ పుట్టుకనుండియు సందేశములపైననే నడచుచున్నది. 1985 నవంబరులో వెలువడిన మొదటి విండోస్‌లోనే, మీట నొక్కిన ఒక సందేశము, మౌసు కదలిన ఒక సందేశము, తెరపై కిటికీ మూసిన ఒక సందేశము ఆయా ప్రోగ్రామునకు చేరుచుండెడిది. 1987లో రెండవ విండోస్‌తోపాటు డైనమిక్ డేటా ఎక్స్ఛేంజి, సంక్షేపముగా డీడీఈ, అను పద్ధతి వచ్చెను. ప్రోగ్రాములు తమలో తాము లెక్కలు ఇచ్చిపుచ్చుకొనుటకును, ఆజ్ఞలు పంపుకొనుటకును ఇది మార్గమయ్యెను. యాపిల్ సంస్థ 1991లో తన ఏడవ సిస్టములో యాపిల్ ఈవెంట్స్ అను సందేశములను ప్రవేశపెట్టి, 1993లో వానిని సామాన్యులు గూడ వ్రాయుటకు వీలుగా యాపిల్‌స్క్రిప్టు అను చిన్న భాషను జోడించెను. అదే 1993లో ఎక్సెల్ ఐదవ కూర్పులో విజువల్ బేసిక్ భాష చేరినది. నాటినుండి, లెక్కల పట్టికలోనే ఆజ్ఞలను గూడ వ్రాసి దాచుట సులువైనది. ఇట్లు పత్రములో దాచిన ఆజ్ఞలను మాక్రోలందురు.

ఈ ఏర్పాట్లు చేసినవారి తలపులో నున్న కంప్యూటరు ఒక మనిషి బల్లపై నుండు, ఆ మనిషి యొక్కనిదే యైన యంత్రము. అందలి ప్రోగ్రాములన్నియు అతడు కొని తెచ్చుకొన్నవే, పత్రములన్నియు అతడో, అతని తోడివారో వ్రాసినవే. ఇంటిలోని వారికి ఇంటిలోని వారు పని చెప్పుకొనుటలో శంకయెందుకు? కనుక వచ్చిన సందేశము ఎవరినుండి వచ్చినదని విచారించు అలవాటు ప్రోగ్రాములకు నేర్పబడలేదు. తరువాత ఇంటర్నెట్టు వచ్చి, ఊరు పేరు తెలియని వారు వ్రాసిన పత్రములును, ప్రోగ్రాములును ఆ ఇంటిలోనికే రాసాగినవి. ఇల్లు సత్రమైనది, తలుపుల గడియలు మాత్రము పాతవే.

ఇందలి చిక్కు తెలియుటకు పల్లెలోని కిరాణా కొట్టును ఉదాహరణముగా గైకొనవచ్చును. ఒక రైతుకు ఆ కొట్టులో ఖాతా కలదు. ఇంట ఉప్పు నిండుకొన్నపుడు ఇల్లాలు చీటీ వ్రాసి పిల్లవానిచేత పంపును. కొట్టువాడు చీటీ చూచి, సరుకు తూచి యిచ్చి, పద్దు వ్రాసికొనును. అందరును ఎరిగినవారే యైనంతకాలము ఈ పద్ధతివలన సౌకర్యమేగాని నష్టము లేదు. ఒకనాడు తిరునాళ్లకు వచ్చిన పరాయివాడొకడు తానే చీటీ వ్రాసి, ‘ఫలానావారి యింటికి రెండు డబ్బాల నేయి’ యని చెప్పి పట్టుకొనిపోయెననుకొనుడు. కొట్టువాడు దొంగిలించినది లేదు, రైతు చేసిన తప్పు లేదు. అయినను పద్దు రైతు ఖాతాలో పడినది. దోషమెక్కడ నున్నది? చీటీలోని మాటను చదివిరేగాని, చీటీ తెచ్చినవానిని ఎవరును విచారింపలేదు.

కంప్యూటరులోని ప్రోగ్రాము ఈ కొట్టువాని వంటిదే. ఈ-మెయిలు ప్రోగ్రామునకు యజమాని పేరున ఉత్తరములు పంపు అధికారము కలదు. లెక్కల ప్రోగ్రామునకు యజమాని పత్రములను మార్చు అధికారము కలదు. బయటివాడు ఆ అధికారమును దోచుకొననక్కరలేదు. అధికారము గలవానికి ఒక చీటీ అందించిన చాలును. కావున ఎట్టి ఆజ్ఞ వచ్చినను మూడు ప్రశ్నలు వేయవలసి యున్నది. ఈ ఆజ్ఞ పంపినది ఎవరు? ఆ పని చేయించుకొను హక్కు వారికి కలదా? ఇది యజమాని ఎరుకలో జరుగుచున్నదా? తరువాత చెప్పబోవు ప్రతి యుపద్రవమును ఈ మూడింటిలో ఏదో యొకటి అడుగకపోవుటవలన కలిగినదే.

ఈ చిక్కునకు పేరు పెట్టి 1988లో ఒక చిన్న వ్యాసము వ్రాసినవాడు అమెరికా దేశీయుడైన నార్మ్ హార్డీ. పెక్కుమంది అద్దెకు వాడుకొను ఒక పెద్ద కంప్యూటరులో ఫోర్ట్రాన్ భాషను యంత్రభాషలోనికి మార్చు కంపైలరు అను ప్రోగ్రాము ఉండెను. తన వాడకపు గణాంకములను వ్రాసికొనుటకై ఆ కంపైలరునకు ఒక ప్రత్యేక స్థానములో వ్రాయు హక్కు ఇచ్చిరి. ఆ స్థానములోనే వాడకందారుల బాకీల లెక్క గల ఫైలును ఉండెను. కంపైలరును వాడు ఒక వ్యక్తి, తన ఫలితములను ఏ ఫైలులో వ్రాయవలెనో చెప్పవలసినచోట, ఆ బాకీల ఫైలు పేరు చెప్పెను. అతనికి దానిని ముట్టు హక్కు లేదు. కంపైలరునకు కలదు. అది చెప్పినట్లే వ్రాసెను. బాకీల లెక్క తుడుచుకొనిపోయెను. ఇట్టి ప్రోగ్రామునకు హార్డీ పెట్టిన పేరు ‘కన్‌ఫ్యూజ్డ్ డెప్యూటీ’. ‘భ్రమపడిన ప్రతినిధి’ యని దానికి అర్థము చెప్పవచ్చును. ఇద్దరు యజమానులకు ఒకే సమయమున సేవ చేయుచు, ఏ హక్కు ఎవరు ఇచ్చినదో గుర్తుంచుకొనని సేవకుడు అట్లే భ్రమపడును.

పండితుల వ్యాసములో నున్న ఈ చిక్కు పదునొకండు సంవత్సరములలో లోకమునకంతకు అనుభవమునకు వచ్చెను. 1995లోనే కాన్సెప్టు అను పేరుగల మాక్రో వైరసు వర్డు పత్రములద్వారా వ్యాపించి, పత్రము కూడ తెగులు మోయగలదని చూపెను. 1999 మార్చి 26న మెలిస్సా అను వైరసు బయలుదేరెను. అదియును ఒక వర్డు పత్రమే. దానిని తెరచి మాక్రోలను నడువనిచ్చినంతనే, అందలి మాక్రో ఔట్‌లుక్‌ను పిలిచి, చిరునామాల పుస్తకములోని మొదటి 50 మందికి ఈ పత్రమును పంపుమని ఆజ్ఞాపించెడిది. ఔట్‌లుక్ పంపెడిది. అందుకొన్నవారికి అది ఎరిగినవారి పేరుతో వచ్చిన ముఖ్యమైన సందేశముగా కనబడెడిది; కనుక వారును తెరచెడివారు. ఒక్కడు ఏబదిమందికి, ఏబదిమంది ఏబదేసిమందికి పంపినచో, మూడవ మెట్టు చేరునప్పటికి ఉత్తరముల సంఖ్య లక్ష దాటును. ఆ వరదకు తాళజాలక కొన్ని పెద్ద సంస్థలు తమ ఈ-మెయిలు యంత్రములను కొంతకాలము నిలిపివేసెను.

మరుసటి యేడు, 2000 మే 4న, ఫిలిప్పీన్సు దేశమునుండి ‘ఐ లవ్ యు’ అను శీర్షికతో ఒక ఉత్తరము వెడలెను. దానికి తోడుగా ప్రేమలేఖ యను పేరుగల ఫైలు ఉండెను. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ యని కనబడుటచే, అది ఒట్టి పాఠమని జనులు నమ్మిరి. దాని వెనుక వీబీఎస్ అను అసలు తోక కలదు. విండోస్ వాడుకగా ఆ తోకను దాచి చూపెడిది. అది పాఠము కాదు, ఆజ్ఞల చిట్టా. తెరచిన తోడనే చిరునామాల పుస్తకములోని వారందరికిని తన ప్రతిని పంపుమని ఔట్‌లుక్‌కు చెప్పి, యంత్రములోని బొమ్మల ఫైళ్లపై తన ప్రతులనే వ్రాసి వానిని నాశనము చేసెను. ఆ దేశమున అప్పటికి తగిన చట్టము లేకపోవుటచే అభియోగములు నిలువలేదు. మరుసటి నెలలోనే ఆ దేశము చట్టము చేసికొనెను. భారతదేశపు సమాచార సాంకేతిక చట్టము కూడ అదే సంవత్సరము అక్టోబరు 17నుండి అమలులోనికి వచ్చినది.

ఈ రెండు సందర్భములలోను ఔట్‌లుక్ చెడిపోలేదు. దాని గోడ పగులలేదు. ఉత్తరము పంపుమనగా పంపినది. చెప్పినది యజమానియా, యజమాని తెరచిన పత్రములో దాగిన పరాయివాడా యని అడుగలేదు. మైక్రోసాఫ్టువారు 2000 జూన్ నెలలో దీనికొక విరుగుడు తెచ్చిరి. మరియొక ప్రోగ్రాము చిరునామాలు చదువబోయినను, ఉత్తరము పంపబోయినను, ‘ఒక ప్రోగ్రాము నీ పేరున ఉత్తరము పంపజూచుచున్నది, పంపనిత్తువా?’ అని ఔట్‌లుక్ యజమానిని ప్రశ్నించుట మొదలుపెట్టెను. ఉత్తరము పంపు సందర్భమున తొందరపడి నొక్కకుండ ‘అవును’ అను మీటను కొన్ని సెకండ్లపాటు పనిచేయనీయలేదు. మంచి ఏర్పాటే. కాని రోజుకు నూరు ఉత్తరములు న్యాయముగా పంపవలసిన కార్యాలయములకు ఈ ప్రశ్న విసుగు కలిగించెను. అంతట ఆ ‘అవును’ మీటను యజమాని బదులు తామే నొక్కిపెట్టు చిన్న ప్రోగ్రాములు బయలుదేరినవి. కావలివానిని పెట్టి, వాని నోటితో సరేయనిపించుటకు మరియొకనిని పెట్టినట్లయినది.

మీటను మరియొక ప్రోగ్రాము ఎట్లు నొక్కగలిగెను? విండోస్ సందేశములలోని మూలసూత్రమే అందుకు కారణము. ఒకే తెరపై నున్న ప్రోగ్రాములలో ఎవరు ఎవరికైనను సందేశము పంపవచ్చును. మీట నిజముగా వ్రేలు నొక్కినదో, మరియొక ప్రోగ్రాము నొక్కినట్లు సందేశము పంపినదో అందుకొన్న కిటికీ గుర్తింపలేదు. 2002 ఆగస్టులో వెలువడిన ఒక పరిశోధకపత్రము దీనిలోని భయంకరమైన పర్యవసానమును చూపెను. తక్కువ హక్కులుగల ప్రోగ్రాము, అదే తెరపై సర్వాధికారముతో నడచు వైరసునివారక ప్రోగ్రాము కిటికీకి కొన్ని సందేశములు పంపి, తన ఆజ్ఞలను దాని వ్రాతపెట్టెలో అతికించి, గడియారపు సందేశమొకటి పంపి వానిని సర్వాధికారముతో నడిపించెను. కావలివాని కర్ర దొంగచేతిలో పడినది. దీనిని షాటర్ దాడి యనిరి. ఆ గడియారపు సందేశమునకు మైక్రోసాఫ్టువారు అదే సంవత్సరము డిసెంబరులో మరమ్మతు చేసిరి. 2006 చివర వెలువడిన విస్టా అను విండోస్ కూర్పులో ప్రోగ్రాములకు మెట్టులు ఏర్పరచి, క్రింది మెట్టువారు పై మెట్టువారికి ఇట్టి సందేశములు పంపకుండ గోడ కట్టిరి.

పాత తలుపులు మరపునబడుట మరియొక అపాయము. 1987నాటి డీడీఈ పద్ధతికి తరువాత మెరుగైన పద్ధతులు వచ్చినను, పాత పత్రములు పనిచేయుటకై దానిని తీసివేయలేదు. మాక్రోలకు భయపడి జనులు వానిని మూసివేయ నేర్చుకొన్నపిమ్మట, 2017 అక్టోబరులో మోసగాండ్రు ఈ ముప్పది యేండ్ల తలుపును కనుగొనిరి. మాక్రో యొక్కటియు లేని వర్డు పత్రములో ఒక చిన్న డీడీఈ గుర్తు ఉంచినచో, వర్డు మరియొక ప్రోగ్రామును లేపి దానికి ఆజ్ఞ ఇచ్చును. నడుమ ఒకటి రెండు ప్రశ్నలు తెరపై కనబడును. అవి ‘లంకెలను సరిచేయవలెనా?’ అను తీరున నుండుటచే చదువరి అవునని నొక్కును. ఆ డిసెంబరులో మైక్రోసాఫ్టువారు వర్డులో డీడీఈని వాడుకగా మూసివేసిరి. 2022 మే నెలలో ఇటువంటిదే మరియొకటి బయటపడెను. వర్డు పత్రము, విండోస్‌లో మరమ్మతు సలహాలకై పెట్టిన సాధనమును పిలిచి, దానిచేత పరాయి ఆజ్ఞలను నడిపించెను. ఫొలీనా యను పేరుతో ప్రసిద్ధమైన ఈ లోపమునకు జూన్ 14న మరమ్మతు వచ్చినది. ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రములలోని మాక్రోలను వాడుకగా నిలిపివేయుట గూడ 2022లోనే మొదలైనది. మెలిస్సాకు ఇది ఇరువదిమూడేండ్ల తరువాతి మాట.

ఈ వ్యాధి ఒక్క సంస్థకు గాని, ఒక్క వ్యవస్థకు గాని పరిమితము కాదు. లినక్స్ యంత్రములలో చిరకాలము తెరను నడిపిన ఎక్స్ పద్ధతిలో, ఒక ప్రోగ్రాములో టైపు చేసిన రహస్యపదమును ప్రక్క ప్రోగ్రాము వినగలిగెడిది. 2008లో మొదలైన వేలాండ్ పద్ధతి ఆ వినికిడిని అడ్డుటకు పూనుకొన్నది. యాపిల్ యంత్రములలో 2019 జూలైలో మరియొక ఉదంతము వెల్లడియైనది. దూరదర్శన సమావేశములకు వాడు జూమ్ ప్రోగ్రాము, ప్రవేశము సులువగుటకై, మ్యాక్ యంత్రములో నొక చిన్న సేవకుని నిలిపి యుంచెను. ఏ వెబ్ పుట పిలిచినను ఆ సేవకుడు పలికెడివాడు. కనుక పరాయి పుట నొకదానిని తెరచినంతమాత్రమున యజమాని అనుమతి లేకయే, కెమెరా తెరచి సమావేశములో చేర్చుటకు వీలుండెను. ప్రోగ్రామును తీసివేసినను సేవకుడు మిగిలి యుండెను. చివరకు యాపిల్ సంస్థయే యంత్రములనుండి వానిని తొలగించెను.

అంతకు ముందు సంవత్సరము, 2018 సెప్టెంబరులో, యాపిల్‌వారు తమ మోహావీ కూర్పులో మంచి నియమమొకటి పెట్టిరి. ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామునకు ఆజ్ఞ పంపబోయినపుడు, ఫలానాది ఫలానాదానిని నడపగోరుచున్నదని రెంటి పేర్లును చెప్పి యజమాని సమ్మతి నడుగును. ఒక జంటకిచ్చిన సమ్మతి మరియొక జంటకు చెల్లదు. చీటీ తెచ్చినవాని పేరును, ఏ కొట్టునకు తెచ్చెనో దాని పేరును యజమానికి చెప్పి కబురంపినట్లున్నది ఈ పద్ధతి. అన్ని ప్రశ్నలలోను ఇట్లు పేర్లు స్పష్టముగా నుండుట మేలు. ఎవరడుగుచున్నారో చెప్పని ప్రశ్నకు ఎట్టి యుత్తరమిచ్చినను అది గ్రుడ్డి యుత్తరమే.

ఇంత అపాయమున్నపుడు ఈ తలుపులనన్నిటిని మూసివేయరాదా యని ఎవరైన అడుగవచ్చును. మూసిన నష్టపడువారు కలరు. చూపులేని చదువరులు కంప్యూటరును వాడుట, తెరపై నున్నదానిని పైకి చదివి వినిపించు ప్రోగ్రాముల మూలముననే. 2006లో ఆస్ట్రేలియాలో మొదలై, ఉచితముగా లభించు ఎన్‌వీడీఏ అట్టిదానిలో నొకటి. తెలుగు పాఠమును గూడ అది పలుకగలదు. అది ప్రతి ప్రోగ్రామును ‘నీ కిటికీలో నేమున్నది? ఈ మీట పేరేమి?’ అని అడుగుచు, చదువరి కోరినపుడు ఆ మీటను నొక్కుచుండవలెను. దొంగ కోరు తలుపును, అంధుడైన చదువరి కోరు తలుపును ఒక్కటియే. గోడను నిండుగా కట్టిన, దొంగతోపాటు ఆ చదువరియు బయటనే నిలిచిపోవును. అందుచేత విండోస్‌లో, తయారుచేసినవారి సంతకము సరిచూచి, భద్రమైన స్థానమున స్థాపించిన ఇట్టి సహాయక ప్రోగ్రాములకు మెట్టుల గోడను దాటు ప్రత్యేకానుమతి కలదు. తలుపు మూయుట భద్రత కాదు. వచ్చినవారి నెరిగి తెరచుట భద్రత.

ఇటీవలి కాలమున కథ మరియొక మలుపు తిరిగినది. ప్రోగ్రాములు ప్రశ్నించుట నేర్చుకొన్నకొలది, మోసగాండ్రు ప్రోగ్రామును విడిచి మనుష్యునికే ఆజ్ఞ లిచ్చుచున్నారు. 2024నుండి విరివిగా కనబడుచున్న క్లిక్‌ఫిక్స్ అను మోసములో, ఒక వెబ్ పుట ‘నీవు మనుష్యుడవని నిరూపింపుము’ అని చెప్పి మూడు పనులు చేయుమనును: విండోస్ గుర్తుగల మీటతో ఆర్ అక్షరము నొక్కుము, కంట్రోల్ మీటతో వి అక్షరము నొక్కుము, పిమ్మట ఎంటర్ నొక్కుము. చూచుటకు పరీక్షవలె నుండును. జరుగునది వేరు. ఆ పుట ముందుగనే ఒక దుష్టమైన ఆజ్ఞను నకలు చేసి యంత్రపు జ్ఞాపకములో నుంచును. మొదటి పనితో ఆజ్ఞలు స్వీకరించు పెట్టె తెరచుకొనును, రెండవదానితో ఆ ఆజ్ఞ అందులో పడును, మూడవదానితో అది నడచును. ఇక్కడ ఏ గోడయు పగులలేదు. యజమాని తన వ్రేళ్లతో, తన అధికారముతో చేసిన పని కనుక యంత్రము పాటించినది. హార్డీ చెప్పిన భ్రమపడిన ప్రతినిధి యిప్పుడు బల్లముందు కూర్చున్న మనుష్యుడే.

చేతిలోని ఫోనులయందును ఇదియే తీరు. బ్యాంకు ఉద్యోగినని చెప్పి ఒకడు పిలిచి, దూరమునుండి తెరను చూచుటకు వీలిచ్చు ప్రోగ్రామును స్థాపించుకొమ్మని కోరును. అట్టి ప్రోగ్రాములు మరమ్మతు చేయువారికి ఉపయోగపడునవే. అయినను వానిని వాడి సొమ్ము కాజేయు పద్ధతిని గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ అను ప్రోగ్రామును పేర్కొని బ్యాంకులను హెచ్చరించెను. అందును చీటీ తెచ్చినవానిని విచారింపకపోవుటయే దోషము.

గ్రంథాలయపు కంప్యూటరు పదిమందిది. ఒకరు ఉదయమున తెరచిన పత్రములోని ఆజ్ఞ, మధ్యాహ్నము మరియొకరు తెరచిన బ్యాంకు ఖాతాను తాకవచ్చును. కనుక ఇట్టిచోట కొన్ని నియమములు తప్పనిసరి. గ్రంథపాలకునికి సర్వాధికారముగల ఖాతా వేరుగా, చదువరులకు తక్కువ హక్కులుగల ఖాతా వేరుగా ఉండవలెను. ఒకరు లేచిపోవునపుడు తాము తెరచినవన్నియు మూసిపోవలెను. యంత్రమునకు వచ్చు మరమ్మతులను ఆపరాదు. ఇంతవరకు చెప్పిన తలుపులలో పెక్కు ఆ మరమ్మతులచేతనే మూయబడినవి. విండోస్ పదవ కూర్పునకు సామాన్యముగా నందు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములుగల గ్రంథాలయములు ఈ విషయమును కార్యవర్గ సమావేశములో చర్చింపదగును. చందాదారుల పట్టికకు వేరొకచోట నకలు భద్రపరుపవలెను.

చదువరులు పాటింపవలసినవి ఇంతకన్న సులభము. బయటినుండి వచ్చిన పత్రమును తెరచినపుడు పైన పసుపుపచ్చని పట్టీ కనబడి, ‘ఎనేబుల్ కంటెంట్’ అను మీట చూపిన, పంపినవారిని నోటితో నడిగి తెలిసికొనువరకు నొక్కరాదు. చదువుటకు ఆ మీటతో పని లేదు. అది అందలి ఆజ్ఞలను నడిపించుటకే. ఒక ప్రోగ్రాము మరియొకదానిని నడపుటకు అనుమతి కోరిన, ఆ పని తాము మొదలుపెట్టినదేనా యని ఆలోచింపవలెను. కానిచో వద్దనుటయే క్షేమము. వద్దన్న పని ఆగిపోయిన మరల చేసికొనవచ్చును. అవునన్న పోయిన సొమ్మును తెచ్చుకొనుట కష్టము. ఏ వెబ్ పుటయైనను, ఫోనులోని ఏ గొంతైనను ఫలానా మీటలు వరుసగా నొక్కుమన్నపుడు చేయి తీసివేయవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవలెను. ఎంత శీఘ్రముగా చెప్పిన అంత మేలు.

గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములుగా ఈ యూరివారికి నేర్పినది చదువుట యొక్కటియే కాదు. చదివినదానిని విచారించి గ్రహించుట. అచ్చులో పడినదెల్ల నిజము కాదని ఇచ్చటి చదువరులకు తెలియును. తెరపై కనబడిన మాట ఆజ్ఞ కాదనియు, ఆజ్ఞవలె కనబడినను దానిని పంపినవారెవరో తెలిసికొను హక్కు తమకు కలదనియు తెలిసికొనుట ఆ చదువులోని తరువాతి పాఠము. కంప్యూటరు నమ్మకమైన సేవకుడు. విచారణ దాని గుణము కాదు. ఆ విచారణ బల్లముందు కూర్చున్నవారినుండి రావలెను. ఆ వివేకమును పెంచు విద్యాలయముగా ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచి వర్ధిల్లుగాక.